బొట్టు పెట్టి పిలిచాక

“కూర్చో రాధా,” అంది జ్ఞానప్రసూన మళ్లీ.

“కూర్చోడానికి రాలేదక్కా.” రాధారాణి వంటింటి గట్టు పక్కన అలాగే నిలబడి ఉంది. కారు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. “మీరు నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.”

“ఏమని?”

“గీత లక్ష్మీపతి గారి కూతురని.”

జ్ఞానప్రసూన పాల కింద మంట తగ్గించింది. పాలు పొంగు మీదికి వచ్చి, మళ్లీ మెల్లగా దిగిపోయాయి. ఆమె అవి దిగేదాకా చూసింది.

మేడ మెట్ల మధ్యలో గీతాంజలి ఆగిపోయింది. డాన్స్ బూట్లు చేత్తో పట్టుకుని కిందికి దిగుతూ ఉంది అప్పటిదాకా. ఇప్పుడు దిగడమా, వెనక్కి వెళ్లడమా తెలియక కడ్డీ పట్టుకుని నిలబడింది.

“మీ చెల్లెలి మనవరాలన్నారు. నమ్మాను,” అంది రాధారాణి. “మా అమ్మాయి దియ పెళ్లి పిలుపు అందరికీ వాట్సాప్‌లో పెట్టేద్దామంటే మా అత్తగారు కాదన్నారు. పెద్దవాళ్లని బొట్టు పెట్టే పిలవాలన్నారు. పోయిన గురువారం తలస్నానం చేసి, కుంకుమ భరిణె పట్టుకుని, ఎడిసన్‌లో మొట్టమొదట మీ ఇంటికే వచ్చాను కదా.”

“వచ్చావు. కాదన్నానా?”

గురువారం నాటి ఆ క్షణం ముగ్గురికీ గుర్తుంది. జ్ఞానప్రసూన భర్త తిరుపతయ్య గారు పోయిన తరువాత ఆ గుమ్మంలో ఎవరూ కుంకుమ భరిణె తెరవలేదు. రాధారాణి అలవాటు కొద్దీ మూత తీసి, జ్ఞానప్రసూన నుదురు చూసి, వేలు గాలిలోనే ఆపేసింది. అప్పుడు జ్ఞానప్రసూనే ఒక అడుగు పక్కకు జరిగింది. వెనక గీత ఉంది. “ఈ ఇంటికి ఆడపిల్ల ఉందిగా,” అని రాధారాణి తేలిగ్గా నవ్వి ఆ పిల్లకు బొట్టు పెట్టింది. చేతిలో తాంబూలం పెట్టి, మీ అమ్మమ్మని వెంటబెట్టుకు రావాలి అని చెప్పింది. ఆ ఇంటి తరపున పిలుపు అందుకున్నది గీత.

రాధారాణి వెళ్లాక జ్ఞానప్రసూన ముందు గదిలో చాలాసేపు ఒక్కతే కూర్చుంది. గీత ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అడగకుండా ఉండడం ఇద్దరికీ అలవాటైంది.

“నేను పెట్టింది మీ ఇంటి పిల్ల అనుకుని అక్కా.”

“మా ఇంటి పిల్లకే పెట్టావు.”

“మాటలు చెప్పకండి. మేడ మీద గదిలో అద్దెకి దిగిన అమ్మాయి. చలికాలంలో రెండు సూట్‌కేసులతో వచ్చిందట. ఇప్పుడన్నీ తెలిశాయి.” రాధారాణి గొంతు తగ్గించింది. “నిన్న సాయంత్రం అరోరా నుంచి లక్ష్మీపతి గారు ఫోన్ చేశారు. మా దియ పెట్టిన రిహార్సల్ వీడియో ఆయనకి ఎవరో పంపించారు. ఆ అమ్మాయి ఉంటే మేం రాం అన్నారు. మా ఆయనా ఆయనా కలిసి సర్జరీ సెంటర్ పెడుతున్నారు, మీకు తెలుసుగా. దియ పెళ్లికి ఆయన రాకపోతే జనం ఏమనుకుంటారు?”

“ఆ పిల్ల ఏం చేసిందట?”

“తెలియనట్టు అడుగుతారేంటి? తన నిశ్చితార్థానికి కూర్చున్నప్పుడు, వాళ్ల నాన్న ‘డాక్టర్ గీతాంజలి’ అని అందరికీ పరిచయం చేస్తుంటే, ‘నేను డాక్టర్ని కాను, మెడికల్ స్కూల్ మానేశాను, డాన్స్ నేర్పిస్తున్నాను’ అని మగపెళ్లివాళ్లతో చెప్పేసిందట. మైకు ముందు. ఆయన ఆ రోజే అనేశారు, నాకు కూతురు లేదని.”

“అందులో అబద్ధం ఏది రాధా?”

“అంటే?”

“ఆ పిల్ల చెప్పిందా, వాళ్లు చెప్పిందా?”

రాధారాణి తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“అయితే పిలుపు వెనక్కి తీసుకో,” అంది జ్ఞానప్రసూన.

“ఎలా తీసుకుంటాను? పెళ్లి పిలుపుకి బొట్టు పెట్టి, మళ్లీ రావద్దంటే ఎంత అశుభం? మా అత్తగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా. రేపు దియకి చిన్న తలనొప్పి వచ్చినా నా వల్లే అంటుంది. నాకూ భయమే అక్కా. చెప్పొద్దూ, నిన్న నిద్ర పట్టలేదు.”

ఆ మాటతో మాత్రం జ్ఞానప్రసూన మెత్తబడింది. టీ వడపోసి కప్పు ఆమె ముందుకు జరిపింది.

“అందుకని ఒకటి అనుకున్నాం. లక్ష్మీపతి గారు కూడా ఒప్పుకున్నారు. అమ్మాయి రావచ్చు. మీ చెల్లెలి మనవరాలిగానే రావాలి. ఇప్పటిదాకా ఎలా ఉందో అలాగే. ఆయన తనని ఎరగనట్టు ఉంటారు. వాళ్లావిడ ఛాయాదేవి గారూ అంతే. పలకరింపులు ఉండవు. సంగీత్ ఒక్క సాయంత్రమే కదా.”

మెట్ల మీద చప్పుడైంది. గీతాంజలి కిందికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

“మా అమ్మ కూడా ఒప్పుకుందా ఆంటీ?”

రాధారాణి ఉలిక్కిపడలేదు. ఆ అమ్మాయి అక్కడెక్కడో ఉందని ముందే తెలిసినట్టుంది. “ఆయనతోనే మాట్లాడాను గీతా. ఆవిడతో కాదు.”

“ఓకే.”

“నీ మీద నాకేం కోపం లేదమ్మా. పిల్లలందరికీ అంత ఓపిగ్గా స్టెప్స్ నేర్పావు. దియ నీ పేరే జపం చేస్తోంది. కానీ నా పరిస్థితి కూడా...”

“మీరు బొట్టు పెట్టి పిలిచారు. నేను వస్తాను.”

“జ్ఞానక్క మనవరాలిగా.”

గీత సింకు దగ్గరికి వెళ్లి గ్లాసులో నీళ్లు పట్టుకుంది. తాగింది. రాధారాణి ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. టీ రెండు గుక్కలు తాగి, జ్ఞానప్రసూన చేయి పట్టుకుని వదిలి, వెళ్లిపోయింది.

కారు చప్పుడు వీధి చివరికి వెళ్లిపోయింది.

“మొదట అబద్ధం ఆడింది నేను,” అంది జ్ఞానప్రసూన. “ఎవరమ్మాయి అని అడిగారు. నోటికి అలా వచ్చేసింది.”

“బాగుంది అమ్మమ్మా. వినడానికి.”

అంతకుముందు ఆంటీ అనే పిలిచేది. ఎప్పటి నుంచి మార్చిందో ఇద్దరూ గమనించుకోలేదు.

*

దియ సంగీత్ కోసం అద్దెకు తీసుకున్న భవనం ఒక చెరువు పక్కన ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు దొరల నాట్యసభలాగా ఉండాలని దియ కోరిక. రీజెన్సీ బాల్ అంటుంది తను. ఆడవాళ్లకు ఛాతీ కిందనే కుచ్చులు పోసే పొడుగాటి గౌన్లు, మోచేతుల దాకా తెల్లని తొడుగులు, మగవాళ్లకు తోక కోట్లు. ఆ దొరలు మన దేశాన్ని ఏం చేశారో దాని కాలేజీలో చెప్పలేదా అని వాళ్ల నానమ్మ అడిగింది. చెప్పారు నానమ్మా, కానీ డ్రెస్సులు బాగుంటాయి అంది దియ.

మధ్యాహ్నం మూడింటికి హాలులో ఎవరూ లేరు. పిల్లలంతా రిహార్సల్ ముగించుకుని పిజ్జాకి వెళ్లారు. రాజీవ్ ఒక్కడే ఉండిపోయాడు. దియకి అన్న. జెర్సీ సిటీలో ఉంటాడు. వారమంతా రైల్లో మాన్‌హటన్ వెళ్లి వస్తూ, స్టెప్పులు ప్లాట్‌ఫారం మీద ప్రాక్టీస్ చేశానని అంటాడు. జనం కాస్త దూరం జరిగారట.

గీత కిటికీలు తెరిచింది. బయట చెర్రీ చెట్ల పూత రాలిపోతోంది. గాలి వచ్చినప్పుడల్లా కొన్ని రేకులు లోపలికి వచ్చి, చెక్క నేల మీద కొంత దూరం జారి ఆగుతున్నాయి.

“మామ్ వచ్చిందా మీ ఇంటికి?” అన్నాడు రాజీవ్.

“వచ్చారు.”

“ఐ యామ్ సారీ.”

“నువ్వేం చేశావు?”

“ఏం చేయలేదు. దానికే సారీ.”

ఆమె నవ్వింది. చేయి చాచింది. పాట పెట్టలేదు. ఆమె నోటితో లెక్క పెడుతుంటే ఇద్దరూ నడక మొదలుపెట్టారు. ఈ నాట్యంలో జంట ఎక్కువసేపు కలిసి ఉండదు. ఎదురుగా వస్తారు, చేతులు తాకించుకుంటారు, విడిపోయి మిగతా జంటల వెనక నుంచి చుట్టి వస్తారు. మిగతా జంటలు లేవు కాబట్టి ఇద్దరూ ఖాళీ హాలులో లేని మనుషుల చుట్టూ తిరిగారు.

“తల తిప్పకు,” అంది గీత అటు చివరి నుంచి. “తిరిగి వచ్చేదాకా నన్ను చూడకూడదు.”

“అది రూలా?”

“రూలే.”

“ఎవరు పెట్టారు?”

“నేను.”

అతను చూడకుండా నడిచాడు. వెలుతురు కిటికీల గుండా పలకలు పలకలుగా పడి ఉంది. ఒక పలకలోకి వచ్చినప్పుడు ఆమె కనబడుతుంది, దాటగానే మసక అవుతుంది. మధ్యలో ఇద్దరూ కలుసుకున్నప్పుడు చేతులు తాకించాలి. తాకించారు. వదలాల్సిన చోట అతను వదల్లేదు.

“ఒకటి అడగొచ్చా? ఆ రోజు నువ్వు ఏం చెప్పకుండా ఉంటే? జస్ట్ నవ్వేసి?”

“అప్పుడు ఆ అబ్బాయి ఎవరో డాక్టర్ని పెళ్లి చేసుకునేవాడు. నన్ను కాదు.”

“నువ్వు ఏ పేరుతో వచ్చినా నాకు ఓకే. నాకు నువ్వు నువ్వే.”

“నీకు ఓకే.”

“నీకు కాదా?”

ఆమె చేయి మెల్లగా విడిపించుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది. చెరువు మీద బాతులు రెండు ఎటూ పోకుండా తేలుతున్నాయి.

“మా అమ్మని చూసి చాలా రోజులైంది రాజీవ్. అమ్మ ఫోన్ నాన్న దగ్గర ఉంటుంది. మెసేజ్ పెడితే నాన్న చదువుతాడు. మీ మామ్ చెప్పినట్టు వెళ్తే అమ్మని మొత్తం ఒక సాయంత్రం చూడొచ్చు. దూరం నుంచే. ఏ చీర కట్టుకుంది, సరిగ్గా తింటోందా, మోకాలు ఎలా ఉంది, అన్నీ తెలుస్తాయి. నా పేరు చెబితే నాన్న అమ్మని తీసుకుని వెళ్లిపోతాడు. అది కూడా ఉండదు.”

“సో చెప్పకు.”

“అంతేనంటావా?”

“నాకు తెలీదు,” అన్నాడు రాజీవ్. “నేను గుడ్ సన్‌ని. మా ఇంట్లో నాకు అన్నీ వేరేవాళ్లు డిసైడ్ చేస్తారు. నువ్వు నన్ను అడక్కూడదు.”

నవ్వుతూనే అన్నాడు. కానీ అన్నాక నవ్వు ముఖంలో నిలవలేదు. ఆమె మళ్లీ చేయి చాచింది. మొదటి నుంచి, అంది. ఈసారి లెక్క కూడా పెట్టలేదు. ఎవరు ఎక్కడ మలుపు తిరగాలో ఇద్దరికీ తెలుసు. చాలాసేపు అలా తిరిగారు. ఎండ నేల మీద నుంచి గోడ మీదికి పాకిందని ఇద్దరూ తరువాత గమనించారు.

*

శుక్రవారం సాయంత్రం జ్ఞానప్రసూన, గీత సంగీత్‌కు తిరుపతయ్య గారి కారులో వెళ్లారు. వారానికోసారి గీతే దాన్ని స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెస్తోంది, బ్యాటరీ పోకుండా. ఆయన పోయాక జ్ఞానప్రసూన మాత్రం అందులో ఎక్కడం ఇదే మొదలు. సీటు కాస్త వెనక్కి వాలి ఉంది. ఆమె దాన్ని సరిచేసుకోలేదు.

“గుమ్మంలో పేర్లు పిలిచే మనిషిని పెట్టారట,” అంది దారిలో. “ఎవరొచ్చినా గట్టిగా పేరు చెబుతాడట, ఆ కాలంలో లాగా. నీ పేరు అడిగితే నేను చెబుతాను. నువ్వు పలకక్కర్లేదు.”

“సరే.”

“గౌను బాగుంది.”

“మీ చీర కూడా.”

సూర్యుడు ఇంకా దిగలేదు. భవనం కిటికీలన్నీ ఒకే రంగులో వెలుగుతున్నాయి, లోపల దీపాలు ఉన్నాయో, బయటి వెలుగో చెప్పలేనట్టు. లోపల వయొలిన్లు మొదలయ్యాయి. తోక కోట్ల కింద పంచెలు కట్టిన పెద్దమనుషులు, పట్టుచీరల మీద తెల్ల తొడుగులు వేసుకున్న ఆంటీలు మెట్ల మీద ఫొటోలు దిగుతున్నారు. వెండి పళ్లేల్లో దోసకాయ శాండ్‌విచ్‌లు వస్తున్నాయి. ఎవరో కొబ్బరి పచ్చడి ఉందా అని అడుగుతున్నారు.

హాలు గుమ్మం దగ్గర పొడుగాటి కర్ర పట్టుకున్న తెల్లాయన నిలబడి ఉన్నాడు. కర్రతో నేల మీద కొట్టి, చెప్పిన పేరును తనకు చేతనైనట్టు పిలుస్తున్నాడు. తన పేరు విన్న ఒకాయన, “ఇది నేనేనా?” అని భార్యను అడిగి మరీ లోపలికి వెళ్లాడు.

గుమ్మానికి ఎదురుగా పెద్ద కుర్చీలో రాధారాణి అత్తగారు కనకదుర్గ కూర్చుంది. ఆవిడ గౌను వేసుకోలేదు. తొడుగులు మాత్రం దియ బతిమాలితే వేసుకుంది.

“గాజుల మీద తొడుగులా, తొడుగుల మీద గాజులా, ఎవరూ సరిగ్గా చెప్పరేమే,” అంటోంది పక్కనున్న మనవరాలితో. చివరికి తొడుగుల మీదే గాజులు వేసుకుంది.

కర్ర నేలకు తగిలింది.

“డాక్టర్ లక్ష్మీపతి వేమవరపు. మిసెస్ ఛాయాదేవి వేమవరపు.”

తమ ముందు ఇద్దరే ఉన్నారు. వాళ్లకు ముందు, గుమ్మం దాటి లోపలికి వెళ్తున్న తల్లి వీపు గీతకు కనబడింది. ముదురు ఆకుపచ్చ చీర. ఎడమ కాలు కొంచెం జాగ్రత్తగా వేస్తోంది. చిక్కింది.

జ్ఞానప్రసూన ఆ చూపును చూసింది.

వరుస కదిలింది. తెల్లాయన చెవి వంచాడు. జ్ఞానప్రసూన తన పేరు చెప్పింది. కర్ర మోగింది, పేరు హాలులోకి వెళ్లింది, లోపల కొందరు తల తిప్పి నమస్కారం పెట్టారు. ఆయన మళ్లీ చెవి వంచాడు, పక్కనున్న అమ్మాయి కోసం.

జ్ఞానప్రసూన నోరు తెరిచింది. గీత ముఖంలోకి చూసింది. ఆ గురువారం తన గుమ్మంలో జరిగినట్టే ఒక అడుగు పక్కకు జరిగి ఊరుకుంది.

హాలు అవతల రాజీవ్ నిలబడి ఉన్నాడు. గీత తండ్రి కిటికీ పక్కన రాధారాణి భర్తతో మాట్లాడుతున్నాడు. తల్లి ఆయన పక్కన చేతులు కట్టుకుని నేల చూస్తోంది. ఇంత దూరం చాలు అనిపించింది గీతకు. ఇలాగే ఒక సాయంత్రమంతా చూస్తూ ఉండొచ్చు. ఎవరూ కాని మనిషిలాగా తిరుగుతూ, ఆ ఆకుపచ్చ చీర వెనకే.

కానీ అమ్మ తల ఎత్తితే, ఎవరిని చూస్తుంది?

ఆమె తెల్లాయనకు తన పేరు చెప్పింది. మెల్లగా, తప్పు పలకకుండా ఉండడానికి రెండుసార్లు.

కర్ర మోగింది.

“మిస్ గీతాంజలి వేమవరపు.”

అన్ని పేర్లలోకీ ఆ ఒక్కటే ఆయన సరిగ్గా పలికాడు.

వయొలిన్లు ఆగలేదు. మాటలు ఆగాయి. రాధారాణి పళ్లెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. లక్ష్మీపతి తల తిప్పలేదు. మెడ మాత్రం బిగుసుకుంది.

ఆ నిశ్శబ్దంలో కనకదుర్గ గొంతు హాలంతా వినబడింది. ఆవిడకు కాస్త చెముడు. అందరూ తనలాగే వింటారనుకుంటుంది.

“వేమవరపు వాళ్లా? ఇందాక అదే ఇంటిపేరు పిలిచాడుగా. ఇలా రా అమ్మా. లక్ష్మీపతికి ఏమవుతావు నువ్వు?”

“అత్తయ్యా, తను జ్ఞానక్క వాళ్ల...” రాధారాణి మొదలుపెట్టింది.

“నిన్ను కాదే అడిగింది. పిల్లని.”

గీత నోరు తెరవబోయింది. అంతలో కిటికీ పక్క నుంచి ఇంకో గొంతు వచ్చింది, చాలా రోజులు వాడని గొంతులాగా కాస్త బొంగురుగా.

“నా కూతురండీ పిన్నిగారూ,” అంది ఛాయాదేవి.

ఆమె ఇప్పుడు నేల చూడడం లేదు.

“ఛాయా,” అన్నాడు లక్ష్మీపతి తగ్గు స్వరంతో. “పద.”

“మోకాలు నొప్పిగా ఉంది. కూర్చుంటాను.”

“కారులో కూర్చుందువుగాని.”

“ఇక్కడ కూర్చుంటానండీ.”

రాజీవ్ ఎక్కడి నుంచి తెచ్చాడో ఒక కుర్చీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. రాధారాణి కొడుకు వైపు చూసింది. అతను తల్లి వైపు చూడలేదు. ఛాయాదేవి కుర్చీ చేయి పట్టుకుని, మెల్లగా, ముందు కుడి కాలు వంచి కూర్చుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

లక్ష్మీపతి ఎవరి వంకా చూడకుండా హాలు దాటి నడిచాడు. గీత నిలబడి ఉన్నది గుమ్మంలోనే. ఆయన బయటకు పోవాలంటే ఆమెను దాటాలి. జ్ఞానప్రసూన జరగలేదు, గీతా జరగలేదు. ఒక మనిషి పట్టే దారి మాత్రం ఉంది.

ఆయన ఆ దారి ముందు దాకా వచ్చి ఆగాడు. ముందుకు వెళ్లలేదు. వెనక్కీ తిరగలేదు.